దయ్యం వేళ్ళ చేగోడీలు

మా చిన్నప్పుడు... చేగోడీలు చేసే రోజున పిల్లలకు వంటింటి గడప ఇవతలే చోటు. నేనేమో ఊరుకునే రకం కాదాయె! చేతులు కడుక్కుని వచ్చి, నాయనమ్మ పక్కన చతికిలబడి, నాకూ పిండి పెట్టమని ఒకటే గోల.

నాయనమ్మ ఇంత ముద్ద నా పీట మీద పెట్టేది. మా పిన్ని అరచేత్తో అలా ఒత్తిందంటే సన్నని తాడులా సాగేది... కొసలు కలిపితే గుండ్రటి చేగోడీ. నేను ఒత్తితే లావుగా, వంకరగా, మధ్యమధ్యలో కణుపులతో వచ్చేది. కొసలు కలపబోతే పుటుక్కున విరిగేది.

"ఇవేం చేగోడీలే తల్లీ... దయ్యం వేళ్ళలా ఉన్నాయి!" అంది పిన్ని ఓసారి. ఇక చూడండి, వంటిల్లంతా ఒకటే నవ్వులు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "నవ్వింది చాల్లే గానీ, మూకుడు దించకండి. దాని వేళ్ళు నేను వేపుతాను" అంది.

అందరి వాయిలూ అయ్యాక పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. సన్న సెగ మీద, చిల్లుల గరిటెతో తిప్పుతూ, ఎంతసేపో కూర్చుంది. తర్వాత అందరి ముందూ కరకరలాడిస్తూ తిన్నది కూడా వాటినే...

ఆ వేళ్ళు మళ్ళీ ఇన్నేళ్ళకు, జర్మనీలోని ఈ బ్యోబ్లింగెన్‌లో, కరెంటు పొయ్యి ముందు గుర్తొచ్చాయి.

ఇక్కడ అక్టోబరు చివర్లో హాలోవీన్ చేస్తారు. మన దగ్గర దిష్టి తీసి పగలగొట్టే గుమ్మడికాయకు కళ్ళూ నోరూ చెక్కి గుమ్మంలో కూర్చోబెడతారు. పిల్లలంతా దయ్యాల వేషాలు కడతారు. మా కింది ఇంటావిడ ఏటా వీధి పిల్లలకు పార్టీ ఇస్తుంది, తలా ఒక తినుబండారం తీసుకెళ్ళాలి.

పోయినేడాది బల్ల నిండా సాసేజీలే... పిండి చుట్టి ఈజిప్టు మమ్మీలని పెట్టారు. జంతువుల ఎముకల నుంచి తీసే జెలటిన్ కలిసిన జెల్లీ కళ్ళు పెట్టారు. మా అమ్మాయి ఆద్య మాంసం తినదు. పక్కింట్లో ఉండే మన తెలంగాణ ఆవిడ నజ్నీన్ వాళ్ళబ్బాయి ఇమ్రాన్‌కి అవేవీ హలాల్ కావు. పాపం, ఇద్దరూ ఓ మూల కూర్చుని కీరా ముక్కలు నమిలారట! నేను పంపిన ఇడ్లీలు ఎవరూ ముట్టలేదు, అందరూ వింతగా చూస్తున్నారని మావాళ్ళిద్దరూ తీయలేదట. డబ్బా నిండుగానే తిరిగొచ్చింది.

"నెక్స్ట్ ఇయర్ షాప్‌లో కొందాం మమ్మా... బిట్టె" అంది ఆద్య, తల దించుకుని. బతిమాలేటప్పుడు దానికి జర్మనే వస్తుంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ క్షణమే పంతం పట్టాను... ఈసారి ఆ డబ్బా ఖాళీగా రావాలి. నా పిల్ల అందరితో కలిసి తినాలి. అంతే!

ఈ ఏడు పార్టీ రోజున, ఏం చేద్దామా అని పొయ్యి ముందు నిలబడితే గుర్తొచ్చింది పిన్ని మాట. దయ్యం వేళ్ళు!

మరుగుతున్న నీళ్ళలో ఉప్పు, జీలకర్ర, నువ్వులు వేసి, బియ్యప్పిండి ఉడికించి పిసికాను. కారం మాత్రం పేరుకే. కూర్చుని చకచకా ఒత్తేస్తున్నాను. పళ్ళెం నిండాక ఆద్య వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నైన్ మమ్మా! ఇవి ఫింగర్స్ కాదు, రింగ్స్!" కాదనడానికీ దానికి జర్మనే.

నిజమే... ఏళ్ళ అలవాటు కదా, నా చేతులు వాటంతటవే కొసలు కలిపేస్తున్నాయి! ఇన్నేళ్ళూ సన్నగా, గుండ్రంగా చేయడం నేర్చుకుని నేర్చుకుని, ఇప్పుడు కావాలన్నా వంకర రావడం లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నీ విప్పి, మళ్ళీ ముద్ద చేశాను.

"నువ్వే ఒత్తవే" అని ఆద్యకే ఇచ్చాను. అబ్బ... ఏం వేళ్ళు! లావుగా, వంకరగా, కణుపులతో... అచ్చం నావే. పార్టీ ఇచ్చే కింది ఇంటావిడ అబ్బాయికి పల్లీలు, బాదం పడవు కాబట్టి కొసన గుమ్మడి గింజ నొక్కి గోరు చేశాం.

మొదటి వాయి పైన నల్లబడింది, లోపల పచ్చిపిండి. ఈ కరెంటు పొయ్యి తగ్గించమంటే వెంటనే తగ్గి చావదు! రెండో వాయికి కాసేపు మూకుడు పక్కకు దించి, నూనె వేడి తగ్గనిచ్చి, సన్న సెగ మీద ఓపిగ్గా తిప్పుతూ నిలబడ్డాను. కాళ్ళు పీకుతున్నా కదల్లేదు. అప్పుడర్థమైంది, నాయనమ్మ ఆ రోజు అంతసేపు పొయ్యి ముందు ఎందుకు కూర్చుందో.

నజ్నీన్ వచ్చి ఒకటి కొరికి చూసింది. "అరె, మస్తుంది! గిదైతే మా ఇమ్రాన్ గూడ తింటడు. ఇంకో వాయి వెయ్యి" అంది. వేశాను.

సాయంత్రం పార్టీ నుంచి పిల్లని తీసుకురావడానికి వెళ్ళాను. మెట్ల మీదే ఎదురొచ్చింది ఆద్య, మొహమంతా కెచప్ రక్తం పూసుకుని.

"మమ్మా, అన్నీ అయిపోయాయి! వంకరవే ఫస్ట్ అయిపోయాయి! నేనే చేశానని అందరికీ చెప్పా!"

ఖాళీ డబ్బా చేతికిచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

అప్పట్లో వంకరగా వస్తే నవ్వేవాళ్ళు... ఇప్పుడు వంకరవే ముందు కావాలంటున్నారు. ఈ మాట చెబుదామంటే నాయనమ్మ లేదు.

మీరు మొదటిసారి ఒత్తిన వంకర చేగోడీనో, మాడిన అట్టునో నవ్వకుండా తిన్న మనిషి మీ ఇంట్లో ఎవరు? ఇంకా ఉంటే మాత్రం... ముందు వాళ్ళకి ఫోన్ చేసి, ఆ తర్వాత ఇక్కడ రాయండి.