పసుపు చేను దగ్గరి ఊరు

అప్పుడు నేను కడపలో ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్నాను. వలస కూలీలకు స్థానికులతో సమానంగా వైద్యం అందుతోందా అన్నది నా ప్రాజెక్టు. మైదుకూరు పక్కన పసుపు తవ్వడానికి ఆదోని వైపు నుంచి వచ్చిన గుంపొకటి చేను గట్టున పట్టలు కట్టుకొని ఉండేది. అందులో ఒకామె చాలా రోజులుగా దగ్గుతోంది. భర్త తవ్వితే ఆమె దుంపలు ఏరేది. పని జతలకే ఇచ్చేవాళ్లు. ఒకరు కూర్చుంటే ఇద్దరికీ పని పోయినట్టే.

"ఏమప్పా, వచ్చినప్పుడల్లా అడిగి పోతాండావు. మందేమన్నా ఇచ్చేదుండాదా, ఉత్త అడిగేదేనా?" అందామె ఒకరోజు. అందరూ నవ్వారు. ఆ నవ్వు పడలేకే ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాను. కఫం పరీక్షలో టీబీ అని తేలింది.

మందులిచ్చే ఉద్యోగి ఏ ఊరని అడిగాడు. ఆమె చేను రైతు ఊరి పేరు చెప్పింది. ఎక్కడ పనికి పోతే అక్కడి ఊరే చెప్పమని, గుంపును పనికి తెచ్చిన మేస్త్రి వాళ్లకు నేర్పాడు. పక్కనున్న నేను ఊరుకోలేదు.

"కాదండీ, వీళ్లది ఆదోని దగ్గర" అని ఊరి పేరు కూడా చెప్పాను. నిజం చెబితే మేలే జరుగుతుందనుకున్నాను.

అతను పెన్ను పక్కన పెట్టాడు. "అట్లయితే ఈడ మొదలుపెట్టేదానికి లేదు. నెలల తరబడి మింగాల. నడమ పోతే మాకు మాటొస్తాది. వాళ్ల ఊర్లోనే తీసుకోమను."

బతిమాలాను. ఎస్టీడీ బూత్ నుంచి మా లెక్చరర్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పెద్ద డాక్టరు క్యాంపుకు పోయాడన్నారు.

తిరిగొచ్చే దారిలో ఆమె, "నేను ఊరికి పోతే మా ఆయప్పకు జత యాడ దొరుకుతాది, సారూ?" అంది. అంతకుముందు ఎప్పుడూ నన్ను సారూ అనలేదు.

పెద్ద డాక్టరును ఒప్పించి మళ్లీ చేను దగ్గరికి పోయేసరికి పసుపు ఉడకబెట్టిన పొయ్యిల్లో బూడిదే మిగిలింది. "మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్క పోయింటారు" అన్నాడు రైతు. అదీ ఖాయంగా తెలియదట.

వానలు పడితే వాళ్లు సొంతూరికి తిరిగొస్తారని నాకు తెలుసు. ఆ ఊరి పేరూ తెలుసు. ఆసుపత్రిలో అంత గట్టిగా చెప్పింది నేనే కదా. అయినా పోలేదు. ముందు పరీక్షలన్నాను, తర్వాత ఉద్యోగమన్నాను. పోతే ఆమె భర్త ఒక్కడే బయటికొస్తాడేమోనన్న భయం తప్ప వేరే కారణం లేదు. ఈనాటికీ ఆదోని బస్సు కనబడితే చూపు తిప్పుకుంటాను.