క్యాంపు గదిలో పసుపు వాసన

మా లేబర్ క్యాంపులో మూడో అంతస్తు బాత్రూంలో దయ్యం ఉందని ఎవరైనా భయపడితే, ముందుగా లోపలికి పంపేది నన్నే. ఇన్నేళ్లలో అక్కడ నాకు కారుతున్న కుళాయి తప్ప ఇంకేమీ కనిపించలేదు. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, భయం అంతకన్నా లేదు. అందుకే ఈ సంగతి చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఖతర్‌లో ఎక్కడ చూసినా పనులు జరుగుతున్న రోజుల్లో నేను లుసైల్‌లో రోడ్డు పని చేసేవాణ్ణి. అమ్మకు మాత్రం అదంతా దుబాయే. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ బంతాట ఎప్పుడైతది బిడ్డా? అయినంకన్న వస్తవా?" అని అడిగేది. ఆట ఇంకా ఏడాది ఉందనగా, దసరా వెళ్లాక, అమ్మ నిద్రలోనే పోయింది. నేను వెళ్లి కర్మలు ముగించుకుని తిరిగొచ్చాను.

మా ఊళ్లో చలి తగ్గి మోదుగులు పూసే రోజులంటే పసుపు ఉడకబెట్టే రోజులు. ఇల్లంతా చేనుకు తరలిపోయేది. గట్టు పక్కన పొయ్యి తవ్వి, పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, తవ్వి తెచ్చిన కొమ్ములు నింపి, పైన గోనెసంచులు కప్పేవాళ్లం. ఎండిన పసుపాకు మంటలో వేయడం నా పని. అన్నం అక్కడే, కునుకు అక్కడే. సాయంత్రం ఇంటికి చేరేసరికి మేము, మా బట్టలు, చివరికి మా బర్రె కూడా, అంతా పచ్చగా ఉండేది.

ఉడికిందని తేల్చేది అమ్మ ఒక్కతే. అందరూ చీపురుపుల్ల గుచ్చి చూస్తారు. అమ్మ పుల్ల ముట్టేది కాదు. ఆవిరి ముఖానికి తగిలేలా వంగి, వాసన చూసి, చేతిలో కట్టెతో కడాయి అంచు మీద టంగుమని కొట్టేది. అంతే, మంట లాగేయాలి. నా భార్య లావణ్య "ఎట్ల తెలుస్తదత్తమ్మా?" అని ఎన్నిసార్లు అడిగినా, "వాసనే చెప్తది, నేనెవర్ని చెప్పెటందుకు?" అని నవ్వేసేది. అలా ఆ విద్య ఎవరికీ చెప్పకుండానే అమ్మ వెళ్లిపోయింది.

అమ్మ పోయిన తర్వాతి వసంతంలో లావణ్య మొదటిసారి ఒంటరిగా పసుపు ఉడకబెట్టింది. పసుపు ఉడికించే అద్దె బాయిలర్‌వాడు ఊళ్లో అందరి వంతులూ అయ్యాక గానీ రానన్నాడు. తవ్విన పసుపేమో కుప్ప మీద ఉంది. "అత్తమ్మ కడాయి ఉండంగ వానికోసం ఎదురుచూసుడేంది?" అని ఆమె పొయ్యి వెలిగించింది. తక్కువ ఉడికితే పురుగు పడుతుంది, ఎక్కువైతే రంగు పోతుంది. ఈసారి పసుపు చెడితే చేను కౌలుకిచ్చేద్దామని అన్నయ్య అప్పటికే తేల్చి చెప్పాడు. అమ్మ పెంచిన విత్తనం కూడా దానితోనే పోయినట్టు.

ఆ రోజు శుక్రవారం, మాకు సెలవు. లావణ్య చేను నుంచి వీడియో కాల్ చేసి కడాయి చూపించింది. ముఖం పొగకు నల్లబడింది. "కొన్నిట్ల పుల్ల దిగుతుంది, కొన్నిట్ల దిగుతలేదు. ఏంజెయ్యాలె?" అంది. నాకూ తెలియదు. నా జన్మంతా మంట వేయడమే. ఏదో చెప్పబోయేలోపు నెట్ పోయింది. మళ్లీ ఎంత ప్రయత్నించినా కలవలేదు.

గదిలో నాతో మల్లన్న ఉన్నాడు. కోరుట్ల వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు, ఆయనదీ పసుపు పండించే ఇల్లే. కోడికూర కోసం నేలమీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. పొయ్యి వెలిగించలేదు. పసుపు డబ్బా మూత తీయలేదు. ఇవన్నీ నేను తర్వాత లేచి చూసి మరీ ఖాయం చేసుకున్నాను.

ఉన్నట్టుండి వాసన వచ్చింది. కూరలో వేసే పసుపు వాసన కాదు. ఉడుకుతున్న పచ్చి పసుపుది, తడిమట్టి కలిసిన, కొంచెం తియ్యటి వాసన. మొదట పలచగా ఉండి, ఒక్కసారిగా చిక్కబడింది. అలా చిక్కబడ్డప్పుడే అమ్మ కట్టె ఎత్తేది. ఆ సంగతి నాకు తెలుసని అప్పటిదాకా నాకే తెలియదు.

నేను చెప్పకముందే మల్లన్నే కత్తి ఆపి తలెత్తాడు. "ఏంది తమ్మీ, పసుపు ఉడికిన వాసనొస్తుంది? ఈడ ఎవడు వెట్టిండు కడాయి?" అన్నాడు.

 లావణ్యకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "మంట తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి." కాసేపటికి గదిలో ఉల్లిగడ్డల వాసన మాత్రమే మిగిలింది. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మల్లన్న చూడనట్టు ఉల్లిగడ్డల మీద నెపం పెట్టి తనూ కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం లావణ్య ఫోన్ చేసింది. నా మెసేజ్ అప్పుడే విన్నదట, నాతో మాట్లాడాక ఫోన్ గుడిసెలో సంచి కింద పెట్టేసిందట. మంట మాత్రం కాల్ తెగిన కాసేపటికే తీసేసింది.

"ఏంజెయ్యాల్నో తెల్వక నిలవడ్డ. కడాయి అంచు మీద టంగుమని సప్పుడైంది. లచ్చవ్వ లేచి, 'కొట్టిందిగదనే, ఇంకేం జూస్తున్నవ్? గుంజు మంట' అన్నది. గుంజినంక ఇద్దరం ఒకరి మొకం ఒకరం జూసుకున్నం. కడాయి కాడ ఎవ్వరు లేరు."

లచ్చవ్వ మా చేనులో అమ్మతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆ చప్పుడుకు లేవడం ఆమెకు అలవాటు.

వేడికి ఇనుము చప్పుడు చేస్తుంది, నిజమే. మా గదిలో వచ్చిన వాసన సంగతి చెప్పాక, లావణ్యతోనూ అదే అన్నాను. "అయితే మీకు ఆడ వాసనెట్లొచ్చింది?" అంది.

పసుపు ఎండాక సెలవు నుంచి తిరిగొచ్చిన మా ఊరి మనిషితో గుప్పెడు కొమ్ములు పంపింది. మల్లన్న ఒకటి విరిచాడు. బాగా ఉడికి ఎండిన కొమ్ము విరిగితే ఇనుములా మోగుతుంది. అది మోగింది. లోపల మంచి రంగు. అన్నయ్య కౌలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆట అయిపోయింది, నేను ఇంటికొచ్చేశాను. ఆ శుక్రవారం సంగతి ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మరుసటి వసంతంలో నేను మళ్లీ పసుపాకు మంటలో వేస్తూ కూర్చున్నాను. లావణ్య ఆవిరి మీదికి వంగింది. నాకు వాసన అందేలోపే కట్టె తీసుకుని కడాయి అంచు మీద టంగుమని కొట్టింది. లచ్చవ్వ అటు తిరిగి చూడనైనా చూడకుండా లేచి మంట లాగింది.