ఆ ఏడాదికి జీపు లేదు

పళ్ళ మేస్త్రి అంటే పళ్ళు పీకేవాడని కొందరనుకుంటారు. పీకడం డాక్టరు పని. పీకినచోట పెట్టే కట్టుడు పళ్ళు తయారుచేయడం ఈయన పని. డాక్టర్లు పంపిన అచ్చులు ముందేసుకుని, భూతద్దం కళ్ళకు తగిలించుకుని, ఊళ్ళో సగంమంది నవ్వులు ఈయనే చేసిపెట్టాడు. తను నవ్వడం మాత్రం అరుదు. భార్య ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఆమె మాట్లాడేది, ఈయన ఊకొట్టేవాడు. ఆమె పోయాక ఊకొట్టడానికి కూడా పని లేకుండా పోయింది. కొడుకూ కోడలూ అదే ఊళ్ళో ఉన్నా ఎవరి ఉద్యోగాల పరుగు వాళ్ళది.

అలాంటి సమయంలో ఆయనకు దేవుడిచ్చినట్టు దొరికినవాడు వియ్యంకుడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, నోరు తెరిస్తే మూయడు. పెళ్ళిలో ఇద్దరూ మర్యాదలు తప్ప మాటలు మాట్లాడుకోలేదు. తరవాతెప్పుడో ఏదో పనిమీద వచ్చిన డ్రైవరుగారు, మేస్త్రి తీరిక వేళల్లో చేసి బల్లమీద ఆరబెట్టిన చిన్న మిలిటరీ లారీ నమూనాను అరచేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"లోడు మీదున్న బండి టైరు కింద కాస్త నొక్కుకుంటుంది బావగారూ. మీ టైర్లు కొత్త పెళ్ళికొడుకులా నిక్కి ఉన్నాయి."

మేస్త్రికి ఒళ్ళు మండింది. ఆయన వెళ్ళగానే ఆకురాయి తీసి నాలుగు టైర్లూ అడుగున అరగదీశాడు. లారీకి ఒక్కసారిగా బరువొచ్చింది. ఆ వారమే ఫోను చేసి, "ఆదివారం ఖాళీయేనా?" అని అడిగాడు.

అలా మొదలైంది విమానాశ్రయం నమూనా. రెండో ప్రపంచయుద్ధం, ఇంగ్లండు, 1940 ఆగస్టు. తలుపంత చెక్కను రెండుగా కోయించి, చెరో సగం ఇంటికి తీసుకుపోయారు. మేస్త్రి సగంలో పచ్చికా, మూడు ఫైటర్ విమానాలూ. డ్రైవరు సగంలో షెడ్లూ, రోడ్డూ, బళ్ళూ. ఆదివారం రెండు సగాలూ కలిపి చూసుకుని, టీ తాగి, పోట్లాడుకునేవారు. ఊళ్ళో నమూనాలు చేసేవాళ్ళ సంఘం ఏటా లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడుతుంది. దానికి పంపాలని పట్టుదల.

ఆ సంఘంలో ఒకటే కట్టుబాటు. ప్రతి నమూనా ముందూ ఒక తేదీ రాసి పెట్టాలి. ఆ తేదీకి లేని వస్తువు చెక్కమీద ఒక్కటి కనిపించినా నవ్వులపాలే. పాత బండి కొత్త ఏడాదిలో ఉండొచ్చు, కొత్త బండి పాత ఏడాదిలో ఉండకూడదు. అందుకని ఇద్దరూ ఏ బండినైనా కొనేముందు పుస్తకాలు తిరగేసి, పాత ఫోటోలు చూసి, జల్లెడ పట్టేవారు. పెట్రోలు లారీ సరే. అంబులెన్సు సరే. ఇంజన్లు స్టార్టుచేసే బ్యాటరీల తోపుడుబండి సరే. సైన్యం లాగేసుకుని హడావుడిగా రంగు పూసిన రొట్టెల వ్యాను మరీ సరే. బాంబుల భయంతో ఊరంతా దీపాలార్పిన చీకట్లో కనబడటానికి మడ్‌గార్డుల అంచులకు వేసే తెల్లరంగు గీత డ్రైవరుగారే వేశాడు. చెయ్యి వణికినా గీత వణకలేదు.

చిక్కు జీపు దగ్గర వచ్చింది.

"ఒక్క జీపు పెడదామండీ. నేను డ్రైవింగు నేర్చుకున్నది జీపుమీదే."

"ఆ ఏడాదికి జీపు లేదు బావగారూ. తయారై బయటికొచ్చింది 1941లో."

"ఏడాది తేడాకి ఏం మునిగిపోతుంది? అంత మైదానంలో ఆ చివరికి కబురు చెప్పాలంటే మనిషి పరిగెత్తాలా?"

"సైకిలు పెడదాం."

"సైకిలు మీరు తొక్కండి," అని డ్రైవరుగారు నవ్వాడు.

అక్కడితో వదిలేస్తే పోయేది. కానీ మూడు వారాలుగా అదే పాట వింటున్న మేస్త్రికి ఆరోజు చిరాకు నెత్తికెక్కింది. "జన్మంతా ఎవరో గీసిన రూటులో బస్సు తోలిన మనిషి మీరు. చరిత్ర మీకెందుకు?" అనేశాడు. అన్నాక గది గదంతా ఇరుకైపోయినట్టనిపించింది. డ్రైవరుగారు టీ కప్పు కింద పెట్టి, తన సగం చెక్క చంకన పెట్టుకుని, "వస్తాను" అని వెళ్ళాడు.

తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మేస్త్రి మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుని, బల్ల తుడిచి, వీధి చప్పుళ్ళు వింటూ కూర్చునేవాడు. ఫోను పక్కనే ఉండేది. తప్పు జీపుది, జీపు ఆయనది, కాబట్టి ముందు ఆయనే రావాలి. ఇదీ ఈయన లెక్క. ఇంత లెక్కలు తెలిసిన మనిషికి తను అన్న మాట ఏ ఖాతాలో రాయాలో తెలియలేదు.

మధ్యలో కోడలు ఫోను చేసింది. "నాన్న జీపు అతికించేశాడు మావయ్యా. మీతో చెప్పమన్నాడు."

"అతికించుకోమను," అన్నాడు మేస్త్రి.

తరవాతి ఫోను కొడుకు దగ్గర్నుంచి వచ్చింది. డ్రైవరుగారు కూరగాయల సంచి పట్టుకుని మెట్లెక్కుతూ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

నెల తిరక్కముందే వియ్యపురాలు సగం చెక్కను దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కారులో తీసుకొచ్చింది. బల్లమీద పెట్టి దుప్పటి విప్పింది. షెడ్డు ముందు రోడ్డుమీద జీపు నిలబడి ఉంది.

"మీరుండగా మా ఇంట్లో ఎందుకని తెచ్చాను అన్నయ్యగారూ. ఆ జీపు అతికించిన రోజు ఎంత సంబరపడ్డారో. 'దీంతో బావగారు గొడవకైనా వస్తారు చూడు' అన్నారు. గుమ్మం వైపే చూస్తూ కూచునేవారు."

మేస్త్రి ఆమెను కారుదాకా సాగనంపాడు. ఆమె వెళ్ళాక తలుపు గడియ వేసుకుని ఏడ్చాడు. భార్య పోయినప్పుడు నలుగురూ చుట్టూ ఉన్నారు, ఓదార్చారు. ఇప్పుడు వియ్యంకుడి కోసం ఇంతలా ఏడుస్తున్నాడని చెప్పుకుంటే వినేవాడు ఆ వియ్యంకుడొక్కడే.

ప్రదర్శన దగ్గర పడింది. సన్నటి బ్లేడు తీసుకుని జీపు ముందు కూర్చున్నాడు. పంటిమీంచి మైనం వలిచే చేతికి అదెంత పని, రోడ్డుమీద గీత పడకుండా ఊడదీయగలడు. బ్లేడు చక్రం కిందికి పోనిచ్చాడు. టైరు అడుగున కాస్త నొక్కి అరగదీసి ఉంది. బ్లేడు వెనక్కి తీసుకున్నాడు.

మరి జీపు ఉండాలంటే తేదీ జరగాలి. 1943 అనుకుంటే? లారీలు, వ్యాను, అంబులెన్సు, పాత బళ్ళు కనక ఉండొచ్చు. విమానాలకే ఎసరు. వాటి గోధుమరంగు 1941లోనే పోయి బూడిదరంగొచ్చింది. పోనీ రంగు మారుద్దామంటే, ఆ పాత రకం విమానాలే అప్పటికి ముందు వరసలో లేవు. ఏ పుస్తకం తిప్పినా అదే మాట. ఒక్కో రెక్కమీద గీతలు గీయడానికే నెలలు పట్టిన విమానాలవి, ఆయన సగంలో ఉన్నదంతా అవే.

ఆ సాయంత్రం మూడింటినీ ఊడదీసి పెట్టెలో పెట్టాడు. చక్రాలున్న గుంటల్లో పచ్చిక నింపాడు. రెండు సగాలూ కలిపి మేకులు కొట్టి, అట్టముక్కమీద 1943 అని రాశాడు.

లైబ్రరీ హాల్లోకి జనం వచ్చారు, చూశారు, పోయారు. విమానాల్లేని విమానాశ్రయం దగ్గర ఎవరాగుతారు? సంఘం సెక్రటరీ ఒక్కడూ వంగి ప్రతి బండినీ పరీక్షగా చూశాడు.

"ఒక్క తప్పు కూడా లేదండీ. ఆ జీపుతో సహా అన్నీ ఆ ఏడాదికి సరిగ్గా సరిపోయాయి. కానీ విమానాలేవీ?"

"వెళ్ళాయి."

"వస్తాయా మరి?"

పళ్ళ మేస్త్రి జీపు వైపు చూశాడు. "బావగారూ, ఒక్క తప్పు కూడా లేదట," అన్నాడు పైకే. సెక్రటరీ ఒకసారి పక్కకు చూసి, అక్కడెవరూ లేకపోవడంతో, మెల్లగా తరవాతి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.