గడప తొక్కద్దని రాయించుకున్న కాయిదం

కొత్తింట్ల నిద్ర మంచిగ పడుతుందా అని పొద్దటి సంది ముగ్గురు అడిగిండ్రు. పడుతుంది. మస్తు పడుతుంది. కని కొత్తింట్ల కాదు. ఎక్కడనో చెప్తె మీరు చాయ మీద పోసుకుంటరు, అందుకే ముందుగాల గ్లాసులు కింద పెట్టున్రి. మన టైపు సారు నిన్నటి సంది తన కుర్చీ కిటికీ దిక్కు జరుపుకుంటనే ఉన్నడు. నా అంగీకి వాసన వస్తుందని మొఖం మీద అనలేక పరేషాన్ అయితుండు. వస్తది మరి, ఎందుకు రాదు. మొత్తం చెప్త, వినున్రి.

మా శాంత సంగతి మీకు తెల్సు. పెండ్లయి పన్నెండేండ్లాయె, పన్నెండేండ్లు గీ మందమర్రి క్వార్టర్లనే ఉన్నది. ఉతికి తీగ మీద ఏసిన తెల్ల చీర, తీసేటప్పటికి బూడిద రంగుల ఉంటది. బొగ్గు దుమ్ము పడని వాకిలి ఒకటి ఉంటె చాలు, ఇంకేమద్దు అంటది. ఇన్నేండ్లల ఆమె నన్ను అడిగింది గదొక్కటే. అందుకే నాలుగు కోసుల దూరంల ఒక పల్లెల ఇల్లు అమ్మకానికున్నదని తెల్వంగనే సైకిలేసుకొని పోయిన.

పోయింది ఆదివారం, మిట్ట మధ్యాహ్నం. గిదే నా మొదటి తప్పు. గల్లి ఎంత నిమ్మళంగ ఉన్నదనుకున్నరు. పక్కింటి వాకిట్ల ఒక ముసలవ్వ ఒక్కతే కూసొని తాడు పేనుతుంది. పిట్ట అరిస్తె వినపడుతుంది. గూనపెంకల ఇల్లు, ఒక పెద్దర్ర, ఎనక వంటర్ర, ముంగట అరుగు. ఇంటాయన నిర్మల్‌ల బిడ్డ దగ్గరికి పోయి రెండేండ్లాయె, అప్పటి సంది ఖాళీగనే ఉన్నదని ఊరి సర్పంచ్ తాళం తీసుకుంట చెప్పిండు. పెద్దర్ర మూలకు నేలల ఒక కట్టె గూటం దిగ్గొట్టి ఉన్నది. దేనికో ఉంటది తియ్యి అనుకొని ఊకున్న. అడుగుతె ఏం పోతుండె? అడగలే. గది రెండో తప్పు.

ఊర్ల పశువులన్ని పొద్దంత మేతకు పోయి పొద్దూకినంక ఇండ్లకు వస్తయని నాకెవ్వలు చెప్పలే. చెప్పెతందుకేమున్నది, లోకమంత తెల్సిన ముచ్చటే. ఆఫీసుల ఫైళ్ల నడుమ పెరిగినోనికి తప్ప.

ఇల్లు నా పేరు మీదికి వచ్చినంక మల్ల ఆదివారం పోయి నేనే గోడలకు సున్నం ఏసిన. ఏసి, బాయి కాడ చేతులు కడుక్కొని వచ్చి చూస్తె గల్లి నిండ దుమ్ము. ఐదు బర్లు, ఒక ఆవు, లెక్కలేనన్ని మేకలు. అన్ని పక్కింటికే. గా తాడు పేనే ముసలవ్వవే. ఆమె పేరు ఎంకవ్వ. అన్నిట్ల పెద్ద బర్రె నా తడి గోడకు ఆనుకొని, కండ్లు మూసుకొని, నిమ్మళంగ ఈపు గీక్కుంటుంది. గోడ నల్లగైంది, బర్రె తెల్లగైంది.

బర్లను జర అవుతలి దిక్కు కట్టరాదా అవ్వా అని అడిగిన. ఆమె నా మొఖం చూసి, గోడ చూసి, బర్రెను చూసి అన్నది:

"రెండేండ్ల సంది గోడ దానిదేనాయె బిడ్డా. ఇప్పుడు నీదైందని దానికి ఎర్కలేదు. మెల్లమెల్లగ నేర్సుకుంటది."

ఇంకొకలైతె నవ్వి ఊకుందురు. నేను క్లర్కును గద. నాకు ఏ ఫికరైన కాయిదం మీద పడ్తెనే నిద్ర పడుతుంది. ఎంకవ్వను ఎంటబెట్టుకొని సీద సర్పంచ్ ఇంటికి పోయిన. ఆయన పాపం పెద్దమనిషి, పక్కపక్క ఇండ్లోళ్లకు గిదంత ఎందుకయ్యా అన్నడు. నేను వినలే. ఆయన చెవు మీద పెట్టుకున్న పెన్సిలు తీసిస్తె, పెన్సిలుతోటి చేసిన సంతకం చెల్లదని ఆయనకే కానూన్ చెప్పిన. మా మామ పెండ్లిల పెట్టిన ఫౌంటెన్ పెన్ను తీసి, ఆఫీసు భాషల రాసిన. 'ఎంకవ్వ పశువులు ఏ కాలమందునూ, ఏ కారణము చేతనూ నా ఇంటి గడప తొక్కరాదు.' ఎంకవ్వ ఒక్క మాట ఎదురనలే. బొటనవేలికి ఇంకు రుద్దుకొని ముద్ర ఏసింది, సర్పంచ్ సాక్షి సంతకం పెట్టిండు. తనకొక నకలు కావాలన్నది ఎంకవ్వ. ఎంత మంచి అవ్వ, కాయిదం విలువ తెల్సిన మనిషి అని సంబురపడుకుంట ఇంకోటి రాసిచ్చిన.

ఇగ గృహప్రవేశం. ఎల్లుండి సంది మూఢం, రేపు తప్పితె మూడు నెలలు ముహూర్తమే లేదని అయ్యగారు చెప్పిండు. ఆగమాగం లీవ్ పెట్టి, క్వార్టర్ తాళంచెవి ఇచ్చేసిన. గా క్వార్టర్ల దిగేటాయన మా సామాను బండెక్కకముందే తన మంచం తెచ్చి లోపలేసుకున్నడు. అంటె నాకు ఎనకకు పోయే దారి లేదు. ఎనిమిది గంటలకు ముహూర్తం. గది తప్పితె మూడు నెలలు నేను, శాంత, నన్ను కన్న మా అవ్వ ఎక్కడుండాలె? చెట్టు కిందనే.

పొద్దుగాల్ల శాంత వాకిట్ల సాన్పి జల్లి ముగ్గేసింది. మామిడాకులు కట్టినం. శాంత అక్కచెల్లెండ్లు వచ్చిండ్రు, సర్పంచ్ వచ్చిండు. అయ్యగారు కలశం సదురుకొని, తల పైకెత్తి అడిగిండు, ఆవు ఏదని.

నేను శాంత దిక్కు చూసిన. శాంత నా దిక్కు చూసింది. అయ్యగారే తోలుకొస్తడని నేననుకున్న. పక్కింట్లనే ఉన్నది గద, నేను ముందే చెప్పి పెట్టిన అని శాంత అనుకున్నది. క్వార్టర్ల దిగినప్పుడు రిజిస్టర్ల సంతకం పెట్టి తాళంచెవి తీసుకున్న, అయిపాయె. ఇంటికి ముందుగాల ఆవు సొచ్చుడు, ఎనక మనం సొచ్చుడు అనేది నా తలకాయలకే రాలే. మా అవ్వ అరుగు మీద కూలబడి, ఆవు తొక్కని గడప నేను తొక్క అన్నది. ఆమె అన్నదంటె అన్నదే.

అర్ధగంట టైమున్నది. పట్టుపంచ ఎగ్గట్టి ఊరంత ఉరికిన. ఏ ఇంటికి పోయినా ఒకటే మాట, పశువులు మేతకు పోయినయని. ఊరు మొత్తంల ఇంటికాడ మిగిలింది ఒక్కటే ఆవు. నిండు సూడితోటి ఉన్నదని మేతకు తోలలే. ఎవ్వలిదో నేను చెప్పుడెందుకు.

ఎంకవ్వ గడ్డి ఏసుకుంట నేను చెప్పింది మొత్తం విన్నది. ఆవును ఇచ్చెతందుకు తనకేం అడ్డం లేదన్నది. లోపలికి పోయి, సందూక్‌ల నుంచి మడత పెట్టిన కాయిదం తెచ్చి నా చేతుల పెట్టింది.

"నాకు సదువు రాదు బిడ్డా. దీంట్ల ఏమున్నదో జర సదువు."

అప్పటికే అయ్యగారు, సర్పంచ్, మా అవ్వ, శాంత, ఆమె అక్కచెల్లెండ్లు అందరు ఆమె వాకిట్లకు వచ్చి నిలబడ్డరు. సదివిన. ఏ కాలమందునూ అనే కాడ గొంతు తగ్గింది. వినొస్తలేదు, గట్టిగ సదువు అన్నది. గట్టిగ సదివిన. ఏ కారణము చేతనూ అని కూడ సదివిన. శాంత కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. నవ్వుతుందో ఏడుస్తుందో తెల్వలే. పన్నెండేండ్లు ఆమె ఎదురుచూసిన ఇల్లు నేను రాసిన ఒక్క ముక్క మీద ఆగింది. నిజం చెప్తున్న, నాకు తల కొట్టేసినట్టైంది.

తప్పైంది అవ్వా, గిప్పుడే చింపేస్త అన్న.

"చింపుడెందుకు? సర్పంచ్ దస్కత్ ఉన్నది. కింద ఇంకో మాట రాయి. మా ఆవు దానికి రాబుద్ధి అయినప్పుడు వస్తది, పోబుద్ధి అయినప్పుడు పోతది."

రాసిన. సంతకం పెట్టిన. గప్పుడు ఏది రాయమన్నా రాద్దును.

ఆవుకు పసుపు కుంకుమ పెట్టి, ఎంకవ్వ తాడు ఇడిసిపెట్టింది. గుంజేది లేదు, తోలేది లేదు. కుడికాలు ముందుపెట్టి ఆవే గడప దాటింది. అయ్యగారు ఇంత మంచి శకునం తన జన్మల చూడలేదన్నడు. ఆవు కలశం దిక్కు చూడలే, ముగ్గు దిక్కు చూడలే. సక్కగ పెద్దర్ర మూలకు పోయి, గా గూటం పక్కన నిలబడ్డది. దాని ఎనక మేము సొచ్చినం. వంటర్రల పాలు పొంగిచ్చినం, పూజైంది. ఇగ ఆవును బయటికి తోలున్రి అని అయ్యగారన్నడు. ఆవు పండుకున్నది.

పచ్చగడ్డి చూపెట్టిన, బెల్లం చూపెట్టిన, చేతులు జోడిచ్చిన. లెవ్వలే. ఎంకవ్వ గూటం దిక్కు చేయి చూపెట్టి మెల్లగ చెప్పింది, రెండేండ్ల సంది వానకాలమంత గదే దాని కొట్టమని, ఇల్లు ఊకె ఖాళీగుండె గద అని సర్పంచే కట్టేసుకోమన్నడని. నేను సర్పంచ్ దిక్కు చూసిన. ఆయన దూలాలు ఎన్ని ఉన్నయో చూస్తుండు.

మేము బంతిల కూసొని అన్నాలు తిని లేచేసరికి పెద్దర్రల లేగ పుట్టింది. తెల్లది, నొసట నల్ల చుక్క. మా అవ్వ సంతోషం పట్టరాలే. కొత్తింట్ల ఆవు ఈనిందంటె లక్ష్మి నడుసుకుంట వచ్చినట్టేనట. పదకొండు దినాలు తల్లిని పిల్లను అక్కడి నుంచి కదిలియ్యద్దని ఆమె అన్నది, అయ్యగారు ఒప్పుకున్నడు. నేను మా అవ్వను ఎదిరిద్దామని నోరు తెరిచిన. ఎంకవ్వ కొంగుకు కట్టుకున్న కాయిదం తడుముకున్నది. నోరు మూసుకున్న.

వంటర్ర చిన్నది. అండ్ల మా అవ్వకు, శాంతకే జాగ సాలది. మరి నేనెక్కడ పండాలె అని అడిగిన.

"ఫికర్ ఎందుకు బిడ్డా, మా ఆవు జాగ ఖాళీగనే ఉన్నది గద" అన్నది ఎంకవ్వ.

అట్ల నాలుగు దినాల సంది ఆవు నా ఇంట్ల, నేను ఆవు కొట్టంల. మంచం ఏసి ఇచ్చింది, దుప్పటి ఇచ్చింది, అబద్ధమెందుకు. కుడిపక్క బర్లు, ఎడమపక్క మేకలు. శాంత నా బాధ చూసి బాధపడ్డదనుకుంటున్నరా? లేగ మెడకు గంట కడుతుంది. నిన్న పొద్దుగాల తీగ మీద తెల్ల చీర ఆరేసింది, మాపటికి తీసి నా మొఖం ముందట పరిచి చూపెట్టింది. పాల లెక్క తెల్లగున్నది. గంత సంబురంగ ఆమెను నేనెన్నడు చూడలే. గందుకే దుప్పటేసుకొని మల్ల కొట్టంలకే పోయిన.

ఇగ ఇయ్యాల్టి ముచ్చట. తెల్లారంగ ఎంకవ్వ పాలు పిండుకుంట నన్ను లేపింది. నా గురకకు పెద్ద బర్రె బెదిరి పాలు ఎగబట్టుకుంటుందట. పాలు పిండే వేళ గురక పెట్టనని కాయిదం రాసియ్యమన్నది. నవ్వుతుందనుకున్న. నవ్వలే. సరే అని అంగీ జేబుల చేయి పెడితె పెన్ను లేదు. చూస్తె మేక నములుతుంది. మా మామ పెట్టిన పెన్ను, సగం దాని నోట్లె, మూతి నిండ నీలం ఇంకు. శాంత పెన్సిలు తెచ్చిచ్చింది. రాసి, కింద సంతకం పెట్టబోతె ఎంకవ్వ నా చేయి పట్టుకున్నది. పెన్సిలు సంతకం చెల్లదని సర్పంచ్ ముంగట కానూన్ చెప్పింది నేనే గద.

తీసుకోన్రి, గీ గిన్నెల జున్ను ఎంకవ్వ మీ అందరికి పంపింది. అట్ల చూస్తున్నరేంది? నా బొటనవేలుకున్నది బొగ్గు కాదు, దీపం మసి. ఎంత రుద్దినా పోతలే.