మహిమకు ఏడాది వారంటీ

నగర్తపేటలో మిక్సీలు బాగుచేసే చిక్కమునియప్పకు ఒక్కటే పిచ్చి. ఎవరు ఏ మహిమ గురించి చెప్పినా, అది నిజమైతే ఆ మతంలో చేరిపోతాననేవాడు. మాటవరసకు కాదు, నిజంగానే. కాకపోతే ఒక షరతు: మహిమకు ఏడాది వారంటీ ఉండాలి.

"నేను చేసిన రిపేరే ఏడాది నిలుస్తాది. దేవుడు చేసింది నిలవద్దా?" అని ఆయన వాదన. మతాల పెద్దలెవరూ దీనికి జవాబు చెప్పినట్టు లేదు. నయమైన మనిషి అడ్రసు కనుక్కుని, వారంటీ కార్డు మీద పేరూ తేదీ రాసి, వారానికి రెండు పూటలు అంగడి మూసి 'చెకింగు'కు బయల్దేరేవాడు. నెలకో టిక్కు.

తొంభై ఐదులో వినాయకుడు పాలు తాగుతున్నాడని ఊరంతా చెంబులతో పరిగెత్తినప్పుడు ఆయనా పరిగెత్తాడు. కళ్లారా చూసి కార్డు రాసుకున్నాడు. మర్నాడు మళ్లీ వెళ్తే పాలన్నీ నేలపాలు. తాయెత్తుతో తగ్గిన ఒకాయన ఉబ్బసం మూడో నెల వానలకు తిరిగొచ్చింది. విభూతితో పోయిన ఇంకొకరి చక్కెర జబ్బు ఒక పెళ్లిభోజనం కూడా దాటలేదు.

భార్య భాగీరథమ్మకు ఇది నవ్వులాట కాదు. ఏదో ఒక మహిమ ఏడాది నిలిచిందంటే, తను కాపురానికొచ్చిన నాటి నుంచి దీపం పెడుతున్న వెంకటేశ్వరస్వామి పటం గతేమిటి? ఎవరికైనా నయమైందంటే ఆమె గుండె జారేది. జబ్బు తిరగబెట్టిందంటే ఊపిరి పీల్చుకుని, వెంటనే ఛీ ఇదేం బుద్ధని చెంపలేసుకునేది. దేవుణ్ని ఏం కోరుకోవాలో కూడా తోచడం మానేసింది.

"మన దాంట్లో మహిమల్లేవా?" అని ఒకసారి నిలదీసింది.

"ఉండాయి. అందరి దాంట్లోనూ ఉండాయి. అదే నాకు తలనొప్పి. అన్ని కంపెనీలూ మాదే ఒరిజినల్ అంటే ఏది కొనాల చెప్పు?"

రెండువేల ఒకటిలో కాటన్‌పేటలో పూలమ్మే పిల్లమ్మ సంగతి తెలిసింది. పక్షవాతంతో కాలీడ్చే మనిషి ప్రార్థన కూటంలో లేచి పదడుగులు నడిచిందట. కార్డు తయారైంది. నాలుగు నెలలు, నడుస్తోంది. ఎనిమిది నెలలు, ఇంకా బాగా నడుస్తోంది. పదకొండో టిక్కు పడ్డ రోజు భాగీరథమ్మ స్వామి పటాన్ని కొత్త చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచింది. పన్నెండో నెల తనూ మొగుడి వెనక స్కూటరెక్కింది.

పిల్లమ్మ కర్ర లేకుండా గుమ్మం దాకా వచ్చింది. అది చూసి భాగీరథమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

"రాక్కా. నిన్న గూడా అన్న ఆస్పత్రికి తోడుకోని పోయినాడు. బుధవారం తప్పడు."

"ఏ ఆస్పత్రికి?"

"కాలికి కసరత్తు చేపిస్తారు గదా, దానికి. కూటమైన మర్నాడే నేను బీపీ మాత్రలు పారేస్తిని. అన్న ఒప్పుకోలా. కంపెనీ చెప్పినట్ల వాడకుంటే వారంటీ చెల్లదన్నాడు. మళ్లా ఏరుకొచ్చి మింగినా."

భాగీరథమ్మ మొగుడి వైపు తిరిగింది. "మరి ఆ ఉబ్బసమాయన?"

"శుక్రవారం," అన్నాడు చిక్కమునియప్ప, దొంగ దొరికిపోయినట్టు మొహం పెట్టి.

చివరికి భాగీరథమ్మే అడగాల్సింది అడిగేసింది. "ఏడాదయిపోయ. ఇంక చేరేదేనా?"

ఆయన తల గోక్కున్నాడు. "ఈమె ప్రార్థన అంటాది. డాక్టరమ్మ కసరత్తంటాది. మిక్సీ అయితే విప్పి ఏ పార్టు పనిచేసిందో చెప్తాను. మనిషిని విప్పేకయితాదా?"

"ప్రార్థనే అన్నా. లేచింది నేను గదా, నాకు తెలీదా?" అంది పిల్లమ్మ.

"ఉండొచ్చు తల్లీ. అయితే నడమ వేరే మెకానిక్కు చెయ్యి పెట్టినాడే. అట్లయితే వారంటీ మళ్లా మొదటినుంచే."

జేబులోంచి కొత్త కార్డు తీశాడు. పేరు రాశాడు, తేదీ వేశాడు. కంపెనీ పేరు దగ్గర ఎప్పటిలాగే ఖాళీ వదిలాడు. గడువు దగ్గర 'ఒక' అని రాయబోతుంటే, ఏ దేవుడు గెలిచాడో ఇంకా అంతుపట్టని భాగీరథమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడాది చాలదు. రెండేండ్లు రాయి."