సైదులు చేతి మీది సముద్రపు పిట్ట

పదవీ విరమణకు ముందు ఏడాది నన్ను నాంపల్లిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి, చర్మవ్యాధుల డాక్టరుగా బదిలీ చేశారు. పచ్చబొట్లు తీసే లేజర్ యంత్రం బాధ్యత నాదే. అది నల్ల సిరాను చర్మం లోపలే పొడి చేస్తుంది. ఆ పొడిని శరీరం నెలల తరబడి వదిలించుకుంటుంది. పోయిన బొమ్మ మళ్లీ రాదు కనుక ముందు రోగి సమ్మతి కావాలి. ఈ చిన్న సంగతి వెంట వచ్చేవాళ్లకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయేది.

ఒక సోమవారం సైదులు వచ్చాడు. సరుకుల ఓడలో వంటవాడు. వెంట తల్లి లక్ష్మమ్మ, అన్న. ముంజేతి మీద చీలిన తోకతో, రెక్కల నిండా త్రికోణాలతో ఒక నల్ల పిట్ట.

"కాకిని పొడిపిచ్చుకున్నడు మేడం. ఇంట్లకు శనిని తెచ్చిండు. తీసెయ్యుండ్రి," అంది తల్లి.

కాకి కాదు, గబ్బిలమన్నాడు అన్న. ఇద్దరూ నా ముందే వాదనకు దిగారు. సైదులును నేనేమడిగినా అన్నే జవాబు చెప్పాడు, ఆఖరికి వయసు కూడా. విసిగిపోయి ఇద్దరినీ బయటికి పంపాను.

అప్పుడు సైదులు నోరు తెరిచాడు. ఓడలో మంటలు లేస్తే చిన్న పడవలోకి దిగారట. చుట్టూ నీళ్లే. తోటి నావికుడొకడు సమోవా దీవులవాడు. సాయంత్రం ఇలాంటి సముద్రపు పిట్టలు ఎటు పోతున్నాయో చూసి పడవను అటు తిప్పించాడు. పొద్దున వేటకు సముద్రం మీదికి వచ్చే ఈ పిట్టలు మాపటికి గూటికి, అంటే నేలకు, చేరతాయి. అందుకే ఆ దీవుల పచ్చబొట్లలో ఇది దారి చూపే పిట్ట. ఒడ్డుకు చేరాక ఆ నావికుడి మేనమామే సైదులుకు దీన్ని పొడిచాడు.

ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే అమ్మ మల్ల ఓడ ఎక్కనియ్యదు మేడం. ఇది పోయే రకం కాదని జర మీరే చెప్పుండ్రి."

నాకు ఒళ్లు మండింది. అన్నిటికన్నా తేలిగ్గా పోయేది నల్ల సిరాయే. అబద్ధమాడనని, నిజం నువ్వే చెప్పుకోమని చెప్పి, తల్లిని లోపలికి పిలిచాను.

కొడుకు చెప్పిందంతా ఆమె విన్నది. "మంటలల్లకెళ్లి వచ్చినవా? గింత ముచ్చట నాకు దాస్తివా?" అని వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత ఆ చేతిని ఒళ్లోకి లాక్కుని పిట్టను బొటనవేలితో నిమిరింది.

"ఉండనియ్యుండ్రి," అంది నాతో. "ఓడ మాత్రం బంద్," అంది కొడుకుతో.

అతను ఎంత బతిమాలినా ఆమె వినలేదు. సైదులు ఇప్పుడు ఆబిడ్స్‌లో ఒక హోటల్లో వంట చేస్తున్నాడు. అక్కడ నేను ఎదురైతే ముఖం తిప్పుకుంటాడు.

రోగి సమ్మతి వేరు, ఇంటివాళ్ల సమ్మతి వేరు. మొదటిది వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి అడగాలి. అది డాక్టరు పని. రెండోది రోగే తెచ్చుకోవాలి.