కౌసల్యక్క నేర్పిన కంట్రోల్ జె

జనగామలో నేను పనిచేసే గదిలో పొద్దు వాలగానే కంప్యూటరు తెర దానంతటదే పసుపుపచ్చగా మారుతుంది. కళ్లకు హాయిగా ఉండాలని తయారుచేసినవాళ్లు పెట్టిన ఏర్పాటట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ పసుపును నమ్మి పెండ్లికూతురి చెంపల రంగు సరిచేస్తే, ప్రింటులో ఆ పిల్ల చలికి నీలంగా మారినట్టు వస్తుంది. అందుకే ఆలోచన రాకముందే నా చెయ్యి వెళ్లి దాన్ని ఆపేస్తుంది. చెయ్యి నాదే గానీ అలవాటు కౌసల్యక్కది.

మహబూబాబాద్‌లో ఆమెకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తోచక తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకుంది. మొదటి రోజే నా చేతిలోని మౌసు లాగేసి సొరుగులో పడేసింది. "ఎలుకను పట్టుకొని ఊరంత తిరుగుతవేంది పిల్లా? మీటలతోని చెయ్యి," అంది. ఆ పూటంతా పళ్లు నూరుకుంటూనే నేర్చుకున్నాను. అన్నిటికన్నా ముందు నేర్పింది కంట్రోల్, జె. ఆ రెండూ కలిపి నొక్కితే ఫొటో మీద దాని నకలు ఒక పొరగా వచ్చి కూర్చుంటుంది. ఏ మార్పు చేసినా ఆ నకలు మీదే చేయాలి, అసలుది అడుగున అట్లాగే ఉంటుంది. "విత్తనపు గింజలు వండుకుంటమా? గిదీ గంతే," అనేది. తెర వెలుగు విషయంలోనూ అంతే పట్టుదల. ప్రింటు ఒకటి తెర పక్కన పట్టుకొని, రెండూ ఒక్కతీరుగా కనబడేదాకా వెలుగు తగ్గించి, ఆ వెలుగు బటన్ మీద నల్ల టేపు అంటించింది. వచ్చినవాళ్లంతా "మబ్బు పట్టినట్టుందేందక్కా?" అని సణిగేవారు.

ఒకనాడు మధ్యాహ్నం బయ్యారం దగ్గరి తండా నుంచి అన్నాచెల్లెళ్లు వచ్చారు. తల్లి పోయింది. ఆరోజే దినాలు. పటం కోసం బంధువులంతా ఎదురుచూస్తున్నారట. బయట ఆటో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. తల్లికి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, పత్తి చేనులో మనవడు సెల్‌ఫోనుతో తీసింది. ఎండకు కమిలిన ముఖం, పెదవి కింద గదుమ మీద పచ్చబొట్టు చుక్కలు.

"జర తెల్లగ చెయ్యి. ఆ చుక్కలు తీసెయ్యి," అన్నాడు అన్న. ఆయన పట్నంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. పటం ఆ ఇంటి ముందుగదిలో పెడతాడట. ఆయన చెప్పినట్టే చేశాను. అది చాలలేదు. నేను చూస్తుండగానే టేపు పీకి, తెర వెలుగు పెంచుతూ పోయాడు. తల్లి ముఖం తెల్లబడుతుంటే "గిట్ల! గిట్లనే తియ్యి," అన్నాడు. పెరిగింది తెర వెలుగే, ఫొటో కాదని చెప్పినా వినలేదు. ప్రింటు తీశాను. తెర మీది తెలుపు అందులోకి ఎక్కడి నుంచి వస్తుంది?

"గింత నల్లగొచ్చిందేంది? మమ్మల్ని ఎడ్డోళ్లను చేస్తున్నరా?" అని ఆయన అరిచిన అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్లు తొంగిచూశారు. ఆటో డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అప్పుడు చెల్లెలు ప్రింటు అందుకుని చూసింది.

"గీమె మా యాడి గాదు," అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"నువ్వూకో. పెద్దకొడుకును నేను," అన్నాడాయన.

కౌసల్యక్క లేచి వచ్చింది. ఆయనను కడిగేస్తుందనుకున్నాను. ఆమె తెర వెలుగు మళ్లీ తగ్గించి, పై పొర పక్కనున్న కన్ను గుర్తు మీద నొక్కింది. నేను చేసిన నకలు మాయమై, ఎండకు కళ్లు చికిలించుకున్న ఆ తల్లి చుక్కలతో సహా కనబడింది. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తమ్మీ, నువ్వెట్లంటె గట్లనే చేస్త. ఇంక తెల్లగ కావాల్నన్నా చేస్త. ఒక్కసారి చూసి చెప్పు," అంది కౌసల్యక్క.

ఆయన తెల్లగానే కావాలంటే చెల్లెలికి ఆ ఇంట్లో అమ్మ ముఖం ఇక కనబడదు. గట్టిగా చెప్పదేమిటని నాకు కౌసల్యక్క మీద కోపం వచ్చింది. ఆయన మెల్లగా వంగి, తెర మీద తల్లి గదుమకు వేలు ఆనించి, ఒక్కో చుక్కా లెక్కపెడుతూ దాటించాడు.

"నాకు ఒకట్లు వీటి మీదనే నేర్పింది," అన్నాడు. "ఉండనియ్యక్కా. గట్లనే ఉండనియ్యి."

కౌసల్యక్కకు తెల్లగా చేయడమంటే గిట్టదని కాదు. పెండ్లి ఆల్బమ్‌లలో ఆమె పూసినంత తెలుపు ఏ సున్నపు బట్టీలోనూ దొరకదు! ఇప్పుడు స్టూడియో మూసేసి భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ తిట్లతోనే మొదలుపెడుతుంది, నాకు ఆ తిట్లంటే ప్రాణం. పోయినవాళ్ల ఫొటో ఎవరు తెచ్చినా నేను ముందు తెర వాళ్ల వైపు తిప్పి, "వీళ్లు మీకు ఏమవుతారు?" అని అడుగుతాను. కొందరు పని చూడమని విసుక్కుంటారు. కొందరు చెప్పడం మొదలుపెట్టి, అట్లాగే కుర్చీలో కూలబడతారు. అప్పుడు నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేస్తాను.